టీచర్‌గారి గొంతున్న డిస్కు

నాకు నోరెక్కువ. ఈ మాట మా ఇంట్లోవాళ్ళే కాదు, గవర్నర్‌పేటలో నా షాపుకి రెండోసారి వచ్చినవాళ్ళెవరైనా చెబుతారు. ఇరవై ఏళ్ళుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. మేడ మెట్లెక్కి ఆయాసపడుతూ "ఆన్ అవట్లేదండీ" అనేవాళ్ళని కూర్చోనివ్వకుండానే "ఏం చేశారో ముందు అది చెప్పండి, అబద్ధాలొద్దు" అని అందుకుంటాను. ఏమీ చెయ్యలేదండీ అనే అంటారు అందరూ. మొహం చూస్తే తెలిసిపోతుంది, ఏదో చేశారని. అబద్ధం చెప్పే మొహాన్ని ఇట్టే పట్టేస్తానని నాకు తెగ గర్వం. మొన్న వేసవిలో మూడు రోజులు ఆ మొహం నేనే వేసుకుని తిరిగాను.

ఆ రోజు పదకొండు గంటలప్పుడు మెట్ల మీద కర్ర చప్పుడైంది. ముందు టీచర్‌గారు, ఆవిడ భుజం పట్టుకుని వెనకాల ఆయన. ఆటో అతను దుప్పట్లో చుట్టిన సీపీయూ తెచ్చి కౌంటర్ మీద పెట్టి వెళ్ళిపోయాడు.

వాళ్ళది కొండపల్లి. ఆవిడ బళ్ళో టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆదివారం పూట చర్చిలో పిల్లలకి పాటలు నేర్పేవారు. ఆయన థర్మల్ స్టేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు. షుగర్‌తో చూపు దాదాపు పోయింది, ఎదురుగా మనిషి నిలబడితే నీడలా తెలుస్తుందంతే. కిందటేడు టీచర్‌గారికి గొంతులో క్యాన్సర్ వచ్చింది. స్వరపేటిక తీసేయాలన్నారు డాక్టర్లు. ఆపరేషన్‌కి మూడు వారాల గడువుంది. ఆ మూడు వారాల్లో ఆవిడ, ఇక ముందు తనకి ఏయే మాటలు కావాల్సి వస్తాయో అన్నీ ఆలోచించుకుని, కూర్చుని రికార్డు చేసిపెట్టుకున్నారు. మాటకో ఫైలు. 'లేవండి'కి ఒకటి, 'మాత్ర వేసుకున్నారా'కి ఒకటి, 'గుమ్మం దగ్గర మెట్టుంది జాగ్రత్త'కి ఒకటి. ఇంట్లో ముందుగదిలో కంప్యూటరుంటుంది. ఆవిడ మాట మీద నొక్కితే స్పీకర్లోంచి ఆవిడ గొంతే వస్తుంది. ఆయన జవాబు చెబుతారు. బయటివాళ్ళతో అయితే పలక, సుద్దముక్క. కానీ ఆయనకి పలక కనపడదు కదా. ఆ పెట్టె లేకపోతే ఆ ఇంట్లో ఇద్దరి మధ్యా మాటే లేదు.

ఆ కంప్యూటర్ సిద్ధం చేసిచ్చింది నేనే.

టీచర్‌గారు మెడ చుట్టూ పల్చటి నూలు గుడ్డ కట్టుకున్నారు. సంచిలోంచి పలక తీసి గబగబా రాసి నా వైపు తిప్పారు. ఆయన వినాలి కాబట్టి పైకి చదివాను. "వారం నుంచి నీలం తెర వచ్చి ఆగిపోతోంది. నిన్నటి నుంచి అసలు తెరుచుకోవట్లేదు."

"నిన్నటి నుంచి మా ఇంట్లో మాటల్లేవమ్మా," అన్నారాయన, నేనున్నాననుకున్న వైపు తిరిగి. "ఆవిడేమో నా చేతి మీద తడుతోంది. నాకేమో అర్థమై చావట్లేదు. పొద్దున షుగర్ మాత్ర రెండుసార్లు వేసుకున్నాను. వద్దని తడితే, వేసుకోమంటోందనుకున్నా. బస్సులో ఒళ్ళంతా చెమటలు, ఒకటే వణుకు. ఎవరో మహాతల్లి బిస్కెట్లిచ్చింది."

నేను మామూలుగా అయితే "అదేంటండీ, బుద్ధుండక్కర్లా" అనుండేదాన్ని.

"ర్యామ్ అయ్యుంటుందిలెండి, ఎండాకాలం దుమ్ము," అంటూ పని మొదలుపెట్టాను. నిజంగా ర్యామే కావాలని కోరుకున్నాను. ర్యామ్ చిప్పులు తీసి పళ్ళవైపు పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టాను. నీలం తెర వచ్చింది. వేరే చిప్పు మార్చాను, అదే నీలం తెర. కరెంటు సప్లై పెట్టె మార్చి చూశాను. ఈసారి కాస్త ముందుకెళ్ళింది, హమ్మయ్య అనుకునేలోపే ఆగింది. ఆగిన చోట లోపల్నుంచి చిన్న చప్పుడు. టిక్. కాసేపాగి మళ్ళీ టిక్. డిస్కు ఏదో చదవబోయి, చదవలేక, వెనక్కొచ్చి మళ్ళీ ప్రయత్నించే చప్పుడది. ఈ పనిలో ఉన్నవాళ్ళకి అది వింటే తెలిసిపోతుంది, డిస్కు పోతోందని.

డిస్కు బయటికి తీశాను. నాకో అలవాటుంది. నా చేతి మీదుగా వెళ్ళే ప్రతి డిస్కుకీ చిన్న తెల్ల స్టిక్కరు అంటించి, తారీఖు వేసి, 'ఫుల్' అనో 'క్విక్' అనో రాస్తాను. నా రాతే. దాని మీద 'క్విక్' అనుంది.



తెలియనివాళ్ళకి నాలుగు ముక్కల్లో చెబుతాను. డిస్కంటే పెద్ద గోడౌననుకోండి. క్విక్ ఫార్మాట్ అంటే గుమ్మం దగ్గరున్న పాత జాబితా చించేసి కొత్త కాగితం తగిలించడం. అయిదు నిమిషాల పని. లోపల నేల ఎక్కడ కుంగిందో ఎవరూ చూడరు. ఫుల్ ఫార్మాట్ అంటే ఆ చివర్నుంచి ఈ చివరిదాకా అడుగడుగూ తొక్కి చూసి, కుంగినచోట బస్తా వెయ్యొద్దని గుర్తుపెట్టడం. దానికి ఒక మధ్యాహ్నమంతా పడుతుంది. టీచర్‌గారికి నేనేసింది వేరే మెషిన్లోంచి తీసిన పాత డిస్కు. పాత డిస్కుకి ఫుల్ ఫార్మాట్ చెయ్యకుండా ఎవరికీ ఇవ్వకూడదని, పని నేర్చుకునే పిల్లలకి నేనే చెబుతుంటాను, అరిచి మరీ. కుంగిన నేల మీద సిస్టమ్ ఫైళ్ళు కొన్ని పడ్డాయి. సిస్టమ్ అక్కడ కాలు పెట్టినప్పుడల్లా కూలుతోంది. ఆవిడ మాటలున్నదీ ఆ డిస్కులోనే.

ఎందుకలా చేశానంటే, ఆ మెషిన్ సిద్ధం చేసిచ్చిన రోజు మంగళవారం. మంగళవారం మూడింటికి రాహుకాలం మొదలవుతుంది. నేను రాహుకాలంలో కొత్త మెషిన్ మొదలుపెట్టను. ఇరవై ఏళ్ళుగా పెట్టలేదు. వాళ్ళు చర్చికెళ్ళేవాళ్ళు, వాళ్ళకా పట్టింపు లేదు. నాకుంది. అందునా ఆపరేషన్‌కెళ్ళబోయే మనిషి, చివరిసారిగా దాచుకునే గొంతు. ఆ మొదటి మాట చెడుగడియలో పడకూడదనిపించింది. ఆవిడ మీద ఇష్టంతోనే చేశాను. ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో వేసిస్తానని కూడా మాటిచ్చాను. ఇదిగో వస్తా, అదిగో వస్తా అంటూ ఏడు నెలలు గడిపేశాను.

"ఏమైందమ్మా? చప్పుడు లేదు," అన్నారాయన.

నేను చేసిన పని చెబుతాను, దాచి లాభం లేదు. వాళ్ళకి వీపు తిప్పి, గోటితో ఆ స్టిక్కరు గీకేశాను. ఉండ చేసి చెత్తబుట్టలో పడేశాను.

ఇటు తిరిగేసరికి టీచర్‌గారు పలక మీద రాసి పట్టుకుని నిలబడి ఉన్నారు. నా చేతులకేసి కాదు, నా మొహంకేసి చూస్తున్నారు.

"చదవమ్మా, ఏమంటోంది?" అన్నారాయన.

చదివాను. "నా తప్పేనా? ఆగిపోయినప్పుడల్లా భయపడి గోడ స్విచ్ ఆపేశాను."

ఆ మాటలు నా నోటితో నేనే పైకి అన్నాను. అదిగో, అప్పుడు చెప్పేయొచ్చు. ఒక్క ముక్క. కాదండీ, నాది. అంతే. కానీ ఊళ్ళో పేరు, షాపు, పైగా ఆ మనిషి కళ్ళు...

"అవునండీ టీచర్‌గారూ," అన్నాను. "అలా స్విచ్ ఆపేయకూడదండీ."

ఆయన భార్య వైపు తిరిగారు. "చెప్తూనే ఉన్నాను కదే, ప్రతిదానికీ తొందరేనని. ఇప్పుడు చూడు." గట్టిగా కూడా అనలేదు. ఆవిడ తలొంచుకుని కొంగుతో పలక తుడిచారు. తుడిచిన పలకనే మళ్ళీ మళ్ళీ తుడిచారు. నేను స్క్రూలు ఏరుకుంటున్నట్టు నటించాను.

ఆ డిస్కుతో ఇక సిస్టమ్ ఆన్ చెయ్యకూడదు. ఆన్ చేసిన ప్రతిసారీ కుంగినచోటు ఇంకాస్త కుంగుతుంది. వేరే మెషిన్‌కి పక్క డిస్కుగా తగిలించి, దాని మీద ఒక్క అక్షరం కూడా రాయకుండా, ఉన్నదున్నట్టు ఇంకో కొత్త డిస్కులోకి కాపీ తీయాలి. బాగున్న చోట్లు ముందు, పాడైనవి చివర్న. ఒకటి రెండు రోజులు పడుతుంది. మధ్యలో డిస్కు పూర్తిగా చచ్చిపోతే అంతే సంగతులు. హైదరాబాద్‌లో ఇలాంటివి తీసే పెద్ద ల్యాబులున్నాయి. అక్కడికి పంపడం మేలని నాకు తెలుసు. పంపితే వాళ్ళు కారణం కాగితం మీద రాసిస్తారనీ తెలుసు. ఆ ల్యాబుల సంగతే ఎత్తలేదు నేను. నా పరువు కోసం ఆవిడ గొంతుని పణంగా పెట్టాను.

కొత్త డిస్కుకి మాత్రం ఆ సాయంత్రం దాకా ఫుల్ ఫార్మాట్ చేశాను. పంచాంగం చూడలేదు.

మర్నాడు కాపీ మొదలుపెట్టేసరికి ఇద్దరూ వచ్చేశారు, టిఫిన్ డబ్బాతో సహా. "ఇంట్లో కూర్చుని చేసేదేముందమ్మా, ఇక్కడైతే నువ్వు చదివి వినిపిస్తావు," అన్నారాయన. బెంచీ మీద కూర్చున్నారు. తెర మీద అంకె నత్తలా కదులుతోంది. నాకు వేరే పని మీద చెయ్యి పోలేదు. టిక్‌మన్నప్పుడల్లా లేచి అంకె చూసేదాన్ని. వచ్చినవాళ్ళని ఎప్పటిలా తిట్టనైనా లేదు. పక్క జెరాక్స్ షాపతను తొంగిచూసి, "ఏంటక్కా, ఒంట్లో బాలేదా, ఇంత నిశ్శబ్దంగా ఉంది?" అన్నాడు.

టీచర్‌గారు రాయడం, నేను చదవడం. అదే ఆ రోజంతా. "మాత్ర వేసుకున్నారా?" అన్నాను, ఎవరో పెద్దాయన్ని, భార్య అడిగినట్టు. "చద్దన్నం కాదు, పొద్దున వండిందే, తినండి." "ఎండగా ఉంది, కాస్త ఇటు జరగండి." మధ్యాహ్నం "మజ్జిగ తాగండి" అని నేను చదవగానే, కునికిపాట్లు పడుతున్న ఆయన, "ఊఁ, తాగుతాలేవే, అక్కడ పెట్టు," అన్నారు. అని నాలిక్కరుచుకున్నారు. టీచర్‌గారి భుజాలు ఊగాయి. నవ్వారు. నవ్వుకీ చప్పుడు లేదు. ఆ చప్పుడు లేని నవ్వు చూసి నాకెంత భయమేసిందో చెప్పలేను. ఇది ఇలాగే ఉండిపోతే? ఈ మనిషి నవ్వు ఈ భూమ్మీద ఆ డిస్కులోని రేకుముక్క మీద తప్ప ఇంకెక్కడా లేదు. దాన్ని కుంగిన నేల మీద పెట్టింది నేను.

నాలుగింటికి కరెంటు పోయింది. ఏసీలన్నీ ఒకేసారి వేస్తే మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోదు. యూపీఎస్ కుయ్ కుయ్‌మంటోంది. అది నిలిచేది ఇరవై నిమిషాలు. మధ్యలో ఆగితే ఆ డిస్కు మళ్ళీ తిరుగుతుందన్న నమ్మకం లేదు. నేను షాపులో లైట్లు, ఫ్యాను, మిగతా మెషిన్లు అన్నీ ఆపేసి ఆ యూపీఎస్ ముందు కింద కూలబడ్డాను. చెమటలు కారిపోతున్నాయి. దేవుడా, దేవుడా అనుకుంటున్నాను, ఏ దేవుడో నాకే తెలీదు. బెంచీ మీద టీచర్‌గారు కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతున్నారు. నా కోసం కూడా ప్రార్థన చేస్తోందేమో ఈవిడ, అనిపించింది. పద్దెనిమిదో నిమిషంలో కరెంటొచ్చింది.

మూడోరోజు పదింటికి కాపీ అయిపోయింది. చదవలేకపోయినది ఒకచోట, కొద్ది మేర మిగిలిపోయింది. అందులో ఏముందో తెరిచి చూస్తే గానీ తెలీదు. కొత్త డిస్కు తగిలించాను. ఆవిడ వేసుకున్న ఫోల్డర్లు వరసగా కనిపించాయి. ఇల్లు. బజారు. ఆస్పత్రి. చర్చి. మంచి మాటలు. తిట్లు. టీచర్‌గారు కౌంటర్ దాటి లోపలికొచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డారు. ఆయన చెయ్యి ఆవిడ భుజం మీద.

అన్నిటికన్నా పైన ఒక విడి ఫైలుంది. అన్నిటికన్నా పాతది. 'మైక్ చూడటం' అని పేరు. అదేంటో నాకు గుర్తు లేదు. నొక్కాను.

"అమ్మాయ్, ఇది ఎక్కుతోందంటావా?"

టీచర్‌గారి గొంతు. నిండుగా, కాస్త ముక్కుతో కలిసి, ఇరవై మంది పిల్లల్ని కూర్చోబెట్టే గొంతు. నా వెనకాల ఆయన "అబ్బా" అన్నారు. అంతే అన్నారు.

"ఎక్కుతోందండీ, మాట్లాడండి, మాట్లాడండి." అది నేను. ఉషారుగా ఉన్నాను.

"ఇంత త్వరగా అయిపోయిందేంటే? మధ్యాహ్నమంతా పడుతుందన్నావుగా?"

"ఫుల్ ఫార్మాట్ అయితే పట్టేదండీ. పాత డిస్కు కదా, అదే చెయ్యాలి మామూలుగా. క్విక్ కొట్టేశాను. మూడింటికి రాహుకాలం వచ్చేస్తోంది, ఈలోపే మీ మాట పడిపోవాలి."

పెద్దగా నవ్వు. "నాకేం రాహుకాలమే! సాయంత్రం దాకా ఇక్కడే కూర్చుంటాను. నిదానంగా చెయ్యరాదూ?"

"ఏం కాదులెండి టీచర్‌గారూ. పూచీ నాది."

ఫైలు అయిపోయింది. చెయ్యి మౌస్ మీద అలాగే ఉండిపోయింది. వెనక్కి తిరిగే ధైర్యం లేదు.

"క్విక్ అంటే ఏంటమ్మా?" అన్నారాయన.

చెప్పాను. తెర వైపే చూస్తూ మొత్తం చెప్పాను. నేల తొక్కి చూడటం, చూడకపోవడం, స్టిక్కరు గీకెయ్యడం, హైదరాబాద్ సంగతి దాచడం, పెన్‌డ్రైవ్ సంగతి. ఇంకోటి కూడా చెప్పాను. కాపీ తీస్తుండగా రెండోరోజే తెలిసింది అది. ఆగిపోయి మళ్ళీ లేచినప్పుడల్లా సిస్టమ్ ఆ డిస్కుని తనంతట తనే రిపేరు చేసుకోబోయింది. అది సాంతం జరిగుంటే ఆవిడ ఫైళ్ళలో సగం ముక్కలు ముక్కలయ్యేవి. ఆవిడ భయపడి గోడ స్విచ్ ఆపబట్టే ఇన్నైనా మిగిలాయి. "మీ తప్పు కాదండీ. మీరు ఆపబట్టే బతికింది," అన్నాను. ఏడుపొచ్చేసింది. నేను ఏడ్వడం ఆ వీధిలో ఎవరూ చూసి ఉండరు.

భార్య భుజం మీదున్న ఆయన చెయ్యి వెళ్ళి ఆవిడ తల మీద ఆగింది.

టీచర్‌గారు నన్ను లేవమని సైగ చేశారు. నా కుర్చీలో కూర్చుని మౌస్ అందుకున్నారు. 'తిట్లు' తెరిచారు. వేలితో తెర మీద వెతుక్కుంటూ వెళ్ళి ఒకచోట నొక్కారు.

"బుద్ధుందా మీకు? ఎన్నిసార్లు చెప్పాలి?"

షాపంతా మోగింది. కింద మెట్ల దగ్గరివాళ్ళు కూడా తలెత్తి చూశారు.

"నేనేం చేశానే!" అన్నారాయన ఉలిక్కిపడి.

ఆవిడ అది నా కోసమే నొక్కారు. నన్నే చూస్తున్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇంకోసారి నొక్కారు, అదే మాట. మూడు రోజుల తర్వాత ఆవిడ గొంతులో ఆవిడ కోపం. తిట్టినా, చెంప పగలగొట్టినా పడదామనే ఉన్నాను.

తర్వాత ఆ ఫోల్డర్ మూసేసి 'మంచి మాటలు' తెరిచారు. ఈసారి వెతుక్కోలేదు, ఎక్కడుందో తెలిసినట్టే కిందికి వెళ్ళి నొక్కారు. టుంగ్ మంది. తెరుచుకోవట్లేదని చిన్న పెట్టె పడింది. దాన్ని మూసి మళ్ళీ నొక్కారు. టుంగ్. వంగి ఫైలు పేరు చూశాను. 'పర్లేదులే'. మూడోసారి కూడా నొక్కారు. తెరుచుకోలేదు. ఆ తర్వాత నాకు తెలిసిన విద్యలన్నీ వాడి చూశాను, ఇవాళ్టికీ తెరుచుకోలేదు.

"ఏమంటోందమ్మా? ఏం నొక్కింది?" అన్నారాయన.

టీచర్‌గారు మౌస్ వదిలేసి సంచిలోంచి పలక తీశారు. ఆ తెరుచుకోని ఒక్క మాటే రాశారు. నా చేతికివ్వకుండా, బళ్ళో పిల్లలకి పట్టినట్టు, నా మొహం ముందు పట్టుకున్నారు. చదువు, అన్నట్టు సుద్దముక్కతో దాని మీద రెండుసార్లు కొట్టారు.

చదివాను.

ఆయన నా వైపు చెవి తిప్పారు. "వినపడలేదమ్మా," అన్నారు. "ఇంకాస్త గట్టిగా చదువు."